టీఎల్‌డీ బ్యాడ్జీల బిల్లు గొడవ: వెనక్కి పంపిన బ్యాడ్జీలు పోయాయని చార్జీ వేశారు, ఎలా తేల్చుకోవాలి?

రామగిరి_ఆఫీసు | 2025 జూలై 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నల్గొండలో 20 పడకల ఎముకల ఆసుపత్రి. ఒక ఎక్స్‌రే మెషిన్, ఆపరేషన్ థియేటర్లో ఒక సీ-ఆర్మ్ (ఆపరేషన్ చేస్తూనే ఎక్స్‌రేలో చూసే మెషిన్) ఉన్నాయి. బిల్లులు, లైసెన్సులు, స్టాఫ్ హాజరు అన్నీ నేనే చూస్తాను. స్టాఫ్‌కు ఎంత రేడియేషన్ (డోస్) పడిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలు వేరే రాష్ట్రంలో ఉన్న ల్యాబ్ నుంచి మూడు నెలలకోసారి వస్తాయి. వాడినవి వెనక్కి పంపిస్తాం. నాలుగేళ్లలో ఎప్పుడూ గొడవ రాలేదు.

ఈసారి వచ్చిన బిల్లు చూసి తల తిరిగింది. 12,863 రూపాయలు. అందులో మూడు ముక్కలున్నాయి. ఈ ఆర్థిక సంవత్సరానికి తొమ్మిది బ్యాడ్జీల అడ్వాన్సు. ఒక్కోటి క్వార్టర్‌కు 210, దానిపై 18 శాతం జీఎస్టీ. కానీ ఇప్పుడు మా దగ్గర ఉన్నది ఆరుగురు, ఎవరూ పెట్టుకోని కంట్రోల్ బ్యాడ్జీతో కలిపి ఏడు. ఒక టెక్నీషియన్ పోయిన దసరా తర్వాత మానేశాడు, ఒక థియేటర్ నర్సు మార్చిలో వెళ్లిపోయింది. ఇద్దరి సంగతీ ఫోన్‌లో చెప్పాను. రెండోది, జనవరి-మార్చి బ్యాడ్జీలు మూడు తమకు అందలేదని ఒక్కోదానికి 900 చొప్పున, జీఎస్టీతో 3,186 వేశారు. మేము తొమ్మిదీ ఏప్రిల్‌లో స్పీడ్ పోస్టులో పంపాం, రసీదు ఉంది. చివరగా "పాత బాకీ 756" అని ఉంది. అదేమిటో నాకు అర్థం కాలేదు.

ఫోన్ చేస్తే మొత్తం కడితేనే జనవరి-మార్చి డోస్ రిపోర్టు ఇస్తాం, జూలై బ్యాడ్జీలు కూడా అప్పుడే పంపిస్తాం అన్నారు. మా డాక్టర్ గారికి కోపం వచ్చి ఒక్క పైసా కట్టొద్దన్నారు. ఈ రోజు ఎనిమిదో తారీకు. వారం రోజులుగా మా వాళ్లు కొత్త బ్యాడ్జీ లేకుండానే సీ-ఆర్మ్ దగ్గర నిలబడుతున్నారు. నిన్న తుంటి ఎముక కేసు ఒక్కదానికే రెండు గంటలు పట్టింది. నాకు బిల్లు కంటే అదే ఎక్కువ టెన్షన్. ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా?

పాలమూరు_ఎక్స్‌రే | జూలై 8, రాత్రి 10:15

తమ్ముడూ, నేను మహబూబ్‌నగర్‌లో 22 ఏళ్లుగా ఎక్స్‌రే తీస్తున్నాను. ముందు ఒక మాట గట్టిగా చెప్తాను. బిల్లు పంచాయితీ వేరు, బ్యాడ్జీ వేరు. రెండూ కలిపి చూశారా, నష్టపోయేది డాక్టరూ కాదు, ల్యాబూ కాదు, మెషిన్ దగ్గర నిలబడే మనిషి. ఆ మూడు నెలలు అతనికి ఎంత డోస్ పడిందో మళ్లీ ఎవరూ కొలవలేరు. రికార్డులో ఆ గడి ఖాళీగానే మిగిలిపోతుంది.

రేపు పొద్దున్నే మీ లెక్క ప్రకారం ఒప్పుకునే మొత్తం ఎంతో అంత కట్టేయండి. కట్టిన రోజే మెయిల్ పెట్టండి: ఇంత మొత్తం ఏడు బ్యాడ్జీలకు కట్టాం, మిగతా మూడు పద్దుల మీద మాకు అభ్యంతరం ఉంది, జూలై బ్యాడ్జీలు వెంటనే పంపండి అని. డాక్టర్ గారికి కూడా ఇలాగే చెప్పండి. మొత్తం ఆపేస్తే "వీళ్లు కట్టని పార్టీ" అవుతారు. ఒప్పుకున్నది కట్టేస్తే "లెక్క అడుగుతున్న పార్టీ" అవుతారు. అవతలివాళ్లు మాట్లాడే తీరే మారిపోతుంది.

అకౌంట్స్_సూర్యాపేట | జూలై 8, రాత్రి 11:02

నేను సూర్యాపేట, కోదాడలో నాలుగు నర్సింగ్‌హోమ్‌ల లెక్కలు రాస్తాను. పాలమూరు అన్న చెప్పింది నూటికి నూరు శాతం నిజం.

మీ లెక్క వేసి చూశాను. ఏడు బ్యాడ్జీలు, నాలుగు క్వార్టర్లు అంటే 5,880. దానికి జీఎస్టీ 1,058.40. మొత్తం 6,938.40. ఇది మీరు కట్టాల్సిందే. మిగిలిన రెండు బ్యాడ్జీలకు జీఎస్టీతో కలిపి 1,982.40, పోయాయన్న మూడింటికి 3,186, పాత బాకీ 756. అన్నీ కలిపితే 12,862.80 సరిగ్గా వస్తుంది. అంటే బిల్లులో దాపరికం ఏమీ లేదు. ఏ పద్దుకు ఆ పద్దు విడదీసి మాట్లాడవచ్చు.

ఆ 756 సంగతి నాకు అనుమానంగా ఉంది. పోయినేడు బిల్లు ఎంత? తొమ్మిది బ్యాడ్జీలే అయితే జీఎస్టీ కాకుండా 7,560. అందులో పది శాతం సరిగ్గా 756. మీ అకౌంటెంట్ టీడీఎస్ (బిల్లు కట్టేటప్పుడే మినహాయించే పన్ను) పట్టాడేమో చూడండి.

రామగిరి_ఆఫీసు | జూలై 9, ఉదయం 8:20

మేడమ్, మీరు చెప్పినట్టే అయింది. పాత వోచర్ తీసి చూశాను, దాని మీద "టీడీఎస్ 10%" అని రాసి ఉంది. మరి అది మా బాకీ ఎలా అవుతుంది?

అకౌంట్స్_సూర్యాపేట | జూలై 9, ఉదయం 8:55

అవుతుంది. ప్రొఫెషనల్, టెక్నికల్ సర్వీసుల మీద టీడీఎస్ పట్టాలంటే ఒక పార్టీకి ఏడాదిలో ఇచ్చేది ఒక పరిమితి దాటాలి. పోయిన ఆర్థిక సంవత్సరంలో ఆ పరిమితి 30,000. 2025 ఏప్రిల్ నుంచి 50,000 చేశారు. మీ బిల్లు ఎనిమిది, తొమ్మిది వేలు కూడా దాటలేదు. అసలు పట్టాల్సిన పనే లేదు. పైగా టెక్నికల్ సర్వీసు అయితే రేటు 2 శాతం, 10 కాదు.

పట్టింది పట్టారు సరే, గవర్నమెంటుకు కట్టారా? కట్టి, రిటర్నులో వాళ్ల పాన్ చూపించి ఉంటే వాళ్ల పన్ను ఖాతా పత్రం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, టీడీఎస్ సర్టిఫికెట్ ఫామ్ 16ఏ పంపితే ఆ పద్దు మూసుకుపోతుంది. కట్టకపోతే మాత్రం ఆ 756 వాళ్లదే. మీ చేతిలో ఉంచుకున్నారు, ఇచ్చేయాలి. ఇలాంటి చిన్న మొత్తాలే ఏళ్ల తరబడి లెడ్జర్‌లో ముల్లులా ఉండిపోతాయి.

రామగిరి_ఆఫీసు | జూలై 9, మధ్యాహ్నం 1:10

కట్టలేదట. అకౌంటెంట్ ఒప్పుకున్నాడు. సిగ్గనిపించింది. ఈ రోజే 6,938.40కి 756 కలిపి 7,694.40 పంపించి మెయిల్ పెట్టాను. డాక్టర్ గారిని ఒప్పించడానికి అరగంట పట్టింది. చివరికి "మన పిల్లల బ్యాడ్జీలు ముందు రానీ" అన్నారు.

కల్వకుర్తి_ల్యాబ్ | జూలై 9, మధ్యాహ్నం 2:35

ఇలాంటివాటికి 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు కదా?

అకౌంట్స్_సూర్యాపేట | జూలై 9, మధ్యాహ్నం 3:00

చేయవచ్చు, కానీ 2019 వినియోగదారుల చట్టంలో వ్యాపార అవసరానికి కొన్న సేవలు రావు. సొంతంగా బతుకుదెరువు కోసం ఒక్కడే ఎక్స్‌రే సెంటర్ నడుపుకునేవాళ్లకు మినహాయింపు ఉంది. ఆసుపత్రి అంటే అక్కడే వాదన మొదలవుతుంది. ఈ మొత్తానికి ఆ దారి అక్కర్లేదని నా అభిప్రాయం.

దేవరకొండ_డిస్పాచ్ | జూలై 9, సాయంత్రం 6:45

నాది దేవరకొండ. ఇలాంటి బ్యాడ్జీల ల్యాబ్‌లో మూడేళ్లు డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేశాను. ఇప్పుడు ఆ పనిలో లేను. లోపలి సంగతి కొంచెం చెప్తాను, మీకు పనికొస్తుంది.

బ్యాడ్జీ అంటే పైన కనిపించే ప్లాస్టిక్ డబ్బా ఒక్కటే కాదు. దాని లోపల లోహపు రేకు ఉంటుంది, ఆ రేకుకు మూడు చిన్న తెల్ల బిళ్లలు బిగించి ఉంటాయి. కాల్షియం సల్ఫేట్‌లో డిస్ప్రోసియం కలిపి టెఫ్లాన్‌తో చేసిన బిళ్లలవి. డబ్బాలో ఒక బిళ్ల ఎదురుగా లోహపు ఫిల్టర్, ఒకదాని ఎదురుగా ప్లాస్టిక్, మూడోదాని ఎదురుగా ఖాళీ కిటికీ. పడిన రేడియేషన్‌ను ఆ బిళ్లలు దాచుకుంటాయి. ల్యాబ్‌లో వేడి చేస్తే ఆ మేరకు వెలుగు చిమ్ముతాయి. ఆ వెలుగును కొలిచి డోస్ చెప్తారు. తర్వాత మళ్లీ వేడిచేసి శుభ్రం చేసి ఇంకొకరికి పంపిస్తారు. అంటే అదే కార్డు తిరుగుతూ ఉంటుంది. అందుకే ఒకటి రాకపోతే ల్యాబ్ చార్జీ వేస్తుంది. ఆ చార్జీ వేయడం తప్పు కాదు. నిజంగా రాలేదా అన్నదే ప్రశ్న.

మేము పార్శిల్ విప్పేటప్పుడు ఏం జరిగేదంటే, ఒక్కో రోజు వందల కవర్లు వచ్చేవి. క్వార్టర్ మారిన నెలలో మరీ ఎక్కువ. లోపల లిస్టు పెట్టిన ఆసుపత్రివి లిస్టుతో సరిచూసి టిక్కు పెట్టేవాళ్లం. లిస్టు లేనివి వచ్చినన్ని ఎక్కించేవాళ్లం. ఒకే కవర్లో పాత క్వార్టర్ బ్యాడ్జీ కలిస్తే అది వేరే ట్రేలోకి వెళ్లేది. లేబుల్ ఊడిపోయినవి ఇంకో పక్కకు. తర్వాత ఎవరైనా నంబర్ చెప్పి అడిగితేనే ఆ ట్రేలు వెతికేవాళ్లం. "మా మూడు బ్యాడ్జీలు" అంటే ఎవరూ వెతకలేరు. కాబట్టి మీరు అడగాల్సింది ఒకటే: అందలేదంటున్న మూడింటి నంబర్లు ఏవి? అవి తెచ్చుకోండి.

ఇంకొకటి, మీ స్పీడ్ పోస్టు రసీదు మీద బరువు ఉంటుంది. చూశారా?

రామగిరి_ఆఫీసు | జూలై 10, ఉదయం 10:30

అన్నా, మీ చివరి మాట చదివి రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే రసీదు తీశాను. 215 గ్రాములు అని ఉంది.

ఏప్రిల్-జూన్‌వి తొమ్మిదీ ఇంకా నా డ్రాయర్‌లోనే ఉన్నాయి, పంపాల్సినవి. మందుల షాపులో చిన్న ఎలక్ట్రానిక్ తూకం ఉంటే తెచ్చాను. అదే రకం కవర్, అదే బుడగల ప్లాస్టిక్, లోపల అంతే పెద్ద కాగితం. తొమ్మిది పెట్టి తూచితే 236. ఒకటి తీస్తే 214. ఇంకొకటి తీస్తే 192. నాలుగైదు సార్లు తూచాను. మా అటెండర్ పక్కనే నిలబడి చూశాడు.

అంటే ఏప్రిల్‌లో మేము పంపింది తొమ్మిది కాదు. ఎనిమిది.

ల్యాబ్ ఆరే వచ్చాయంటోంది. ఆరు అయితే 170 చిల్లర ఉండాలి. రెండు వాళ్ల దగ్గర ఉన్నాయి. ఒకటి మా దగ్గరే ఎక్కడో ఉంది.

మిర్యాలగూడ_డయాగ్నస్టిక్ | జూలై 10, మధ్యాహ్నం 12:05

శభాష్! ఆ తూకం ఫొటోలు తీసి, రసీదుతో కలిపి పెట్టుకోండి.

నా అనుభవం ఒకటి చెప్తాను. నేను 2022-23 బిల్లులో నాలుగు బ్యాడ్జీలకు ఎక్కువ వేశారని 2024 జనవరిలో మేలుకున్నాను. అప్పుడు ల్యాబ్ వాళ్లు తప్పు ఒప్పుకున్నారు, కానీ జీఎస్టీ భాగం వెనక్కి ఇవ్వలేమన్నారు. క్రెడిట్ నోటును (ఎక్కువ వేసిన మొత్తం తగ్గిస్తూ అమ్మినవాళ్లు ఇచ్చే పత్రం) రిటర్నులో చూపి పన్ను తగ్గించుకోవాలంటే ఆ ఆర్థిక సంవత్సరం ముగిసిన తర్వాత వచ్చే నవంబరు 30 లోపే జరగాలట. దాటితే అమ్మినవాళ్లకు కూడా ఆ పన్ను తిరిగి రాదు. మనలాంటి వైద్యసేవల వాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా ఉండదు, కట్టిన 18 శాతం జేబులోంచి పోయినట్టే. కాబట్టి ఫోన్‌లో "చూస్తాం సార్" అంటే వదలకండి. రాతపూర్వకంగా క్రెడిట్ నోటే అడగండి. "వచ్చే బిల్లులో సర్దుతాం" అన్న మాట వచ్చే బిల్లు చూసే మనిషికి తెలియదు.

గద్వాల_టెక్నీషియన్ | జూలై 10, రాత్రి 8:50

నేను ఎప్పుడూ ఇక్కడ రాయలేదు. ఈ చర్చ చూసి రాయాలనిపించింది.

నేను రేడియోగ్రాఫర్‌ని. అంతకుముందు పనిచేసిన చోట ఇలాగే యజమానికీ ల్యాబ్‌కూ బిల్లు దగ్గర గొడవ వచ్చింది. ఆరు నెలలు రిపోర్టులు రాలేదు. మాకెవరూ చెప్పలేదు కూడా. మేము రోజూ పాత బ్యాడ్జీలే రేడియేషన్ ఆపే లెడ్ ఎప్రాన్ లోపల గుండె దగ్గర పెట్టుకుని పనిచేశాం. అప్పుడే నాకు మూడో నెల అని తెలిసింది. వెంటనే చెప్పాను. గర్భిణి అని చెప్పినప్పటి నుంచి కడుపులో బిడ్డకు మిగతా నెలలన్నీ కలిపి 1 మిల్లీసీవర్ట్ (డోస్ కొలిచే యూనిట్) దాటకూడదని మాకు చదువులో చెప్పారు. నన్ను రిసెప్షన్‌కు మార్చారు, అది మంచిదే. కానీ అప్పటికే గడిచిన నెలల్లో నాకు ఎంత పడిందో ఎవరూ చెప్పలేకపోయారు. ప్రతి స్కానింగ్‌కూ వెళ్లేటప్పుడు భయం. డాక్టరమ్మ ఏం కాదమ్మా అన్నా నా మనసు నిలబడలేదు.

చివరికి నేనే నా పర్సనల్ నంబర్ రాసి ల్యాబ్‌కు మెయిల్ పెట్టాను, నా డోస్ నాకు చెప్పండి అని. నాలుగు రోజుల్లో పంపారు. చాలా తక్కువే వచ్చింది. ఆ కాగితం చూసి ఏడ్చాను. పాప ఇప్పుడు ఒకటో తరగతి.

ఆఫీసు వాళ్లందరికీ దండం పెట్టి చెప్తున్నాను. మీరు బిల్లు ఆపితే మాకు ఒక మాట చెప్పండి.

పాలమూరు_ఎక్స్‌రే | జూలై 10, రాత్రి 9:20

చెల్లెమ్మా, నువ్వు అడిగింది నీ హక్కే. డోస్ రికార్డు నిర్వహించే బాధ్యత యజమానిదని 2004 రేడియేషన్ ప్రొటెక్షన్ రూల్స్‌లో ఉంది. ఆ రికార్డు ఆసుపత్రి సొత్తు కాదు, మనిషిది. మన పర్సనల్ నంబర్ ఒక్కటే, ఎన్ని ఆసుపత్రులు మారినా అదే. సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్, ఐదేళ్లకు 100, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటొద్దని ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పరిమితి. ఇవన్నీ ఒక్క చోటి లెక్క కాదు, మనిషి వెంట నడిచే లెక్క. మధ్యలో ఒక క్వార్టర్ తెగితే మొత్తం కూడిక తప్పుతుంది.

వనపర్తి_ఆర్టీ | జూలై 10, రాత్రి 9:45

అన్నా, నేను కొత్తగా చేరాను. నా నంబర్ నాకు తెలియదు. ఎవరిని అడగాలి?

పాలమూరు_ఎక్స్‌రే | జూలై 10, రాత్రి 9:52

బ్యాడ్జీ లోపలి కాగితం మీద నీ పేరు పక్కన ఉంటుంది చూడు. లేకపోతే మీ ఆర్‌ఎస్‌ఓని (రేడియేషన్ భద్రత చూసే అధికారి) అడుగు. ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకో.

రామగిరి_ఆఫీసు | జూలై 11, రాత్రి 10:05

దొరికింది.

ల్యాబ్ వాళ్లు ఈ రోజు మూడు నంబర్లు పంపారు. ఒకటి మా సీనియర్ టెక్నీషియన్‌ది, ఒకటి కంట్రోల్, మూడోది మార్చిలో వెళ్లిపోయిన నర్సుది. సాయంత్రం కేసులు అయిపోయాక థియేటర్ మొత్తం వెతికాను. సీ-ఆర్మ్ వెనకాల స్టాండ్‌కు లెడ్ ఎప్రాన్లు వేలాడతాయి. అన్నింటికంటే లోపల ఒక పాత ఎప్రాన్ ఉంది, అంచు చిరిగి ఎవరూ వాడనిది. దాన్ని ఎత్తి చూస్తే లోపలి వైపు జేబు దగ్గర క్లిప్పుతో బ్యాడ్జీ వేలాడుతోంది. దుమ్ము పట్టింది. పేరు చదివాను. ఆ అమ్మాయి చివరి రోజు ఎప్రాన్ తీసి తగిలించింది, బ్యాడ్జీ దానికే ఉండిపోయింది. మార్చి నుంచి నేటి వరకు నాలుగు నెలలు, అది సీ-ఆర్మ్ పక్కనే ఉంది.

నాకు 900 మిగిలిందని సంతోషం కలగలేదు. ఆ బ్యాడ్జీ మీద ఉన్న డోస్ ఎవరిది?

పాలమూరు_ఎక్స్‌రే | జూలై 11, రాత్రి 10:30

అదే అసలు ప్రశ్న తమ్ముడూ. ఆ బ్యాడ్జీని మామూలుగా కవర్లో వేసి పంపించొద్దు. అది నాలుగు నెలలు గదిలో చెల్లాచెదురైన రేడియేషన్ మొత్తం పట్టుకుని ఉంటుంది. ల్యాబ్ వాళ్లకు అదంతా ఆ అమ్మాయి పేరు మీద కనిపిస్తుంది. ఒక క్వార్టర్లో 10 మిల్లీసీవర్ట్ దాటిందంటే విచారణ మొదలవుతుంది, ఆమె ఇప్పుడు పనిచేసే చోటికి ఫోన్లు వెళ్తాయి. తక్కువ వచ్చినా ఆమెకు పడని డోస్ ఆమె జీవితకాల లెక్కలో చేరుతుంది.

మీ ఆర్‌ఎస్‌ఓతో సంతకం పెట్టించి ఉత్తరం రాయండి. ఆమె చివరి పని దినం, బ్యాడ్జీ దొరికిన తేదీ, ఎక్కడ ఏ ఎప్రాన్‌కు ఉంది, సీ-ఆర్మ్‌కు ఎంత దూరం, అంతా రాయండి. ఆమె చివరి రోజు తర్వాత పడిన డోస్ ఆమె వేసుకున్నది కాదని స్పష్టంగా పెట్టండి. ఆ బ్యాడ్జీని విడిగా చిన్న కవర్లో వేసి, దాని మీద కూడా రాయండి.

ఇంకో విషయం. మీ కంట్రోల్ బ్యాడ్జీ ఎక్కడ పెడతారు?

రామగిరి_ఆఫీసు | జూలై 11, రాత్రి 10:41

ఎక్స్‌రే గది టేబుల్ సొరుగులో.

పాలమూరు_ఎక్స్‌రే | జూలై 11, రాత్రి 10:50

వెంటనే తీయండి! కంట్రోల్ అంటే ఏ రేడియేషనూ లేని చోట ఊరికే ఉండాల్సింది. సహజంగా ఉండే రేడియేషన్, పోస్టులో తిరిగినప్పుడు పడేది ఎంతో చూపించి, ఆ మేరకు మిగతా బ్యాడ్జీల నుంచి తీసేయడానికే అది. ఎక్స్‌రే గదిలో పెడితే అదీ డోస్ తాగుతుంది, అప్పుడు అందరి లెక్కలోంచి ఎక్కువ తీసేస్తారు. మీ వాళ్లకు పడినదానికంటే తక్కువ కనిపిస్తుంది. ఆఫీసు బీరువాలో పెట్టండి, మెషిన్‌కు దూరంగా.

దేవరకొండ_డిస్పాచ్ | జూలై 12, ఉదయం 7:30

మిగతా రెండింటి కోసం ల్యాబ్‌కు ఇలా రాయండి: ఈ రెండు నంబర్లు, ఈ స్పీడ్ పోస్టు నంబర్, ఈ బరువు, మేము చేసిన తూకం ఫొటోలు. "గత క్వార్టర్ ట్రేలోనూ, లేబుల్ లేని ట్రేలోనూ ఈ రెండు నంబర్లు వెతకండి" అని కూడా రాయండి. ట్రేల పేరు చెప్పి అడిగితే లోపల మనిషి లేచి చూస్తాడు. మీ వైపు పొరపాటు ఒకటి ఒప్పుకుంటున్నామని కూడా చెప్పండి. ఒకటి మాదే, దొరికింది, పంపిస్తున్నాం అని చెప్పినవాళ్ల మాట అక్కడ నమ్ముతారు. నేను అక్కడ ఉన్నప్పుడు నాకూ అలాగే అనిపించేది.

అకౌంట్స్_సూర్యాపేట | జూలై 12, ఉదయం 9:15

ఒక హెచ్చరిక. ఆ ల్యాబ్ ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న సంస్థ అయితే సాధారణంగా బిల్లు మీద రాసి ఉంటుంది. అలాంటివాళ్లకు ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపే కట్టాలి. ఒప్పందం రాతలో లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడగవచ్చు. కానీ ఈ గడువులు పెట్టిన ఎంఎస్‌ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టంలోనే, సేవ అందిన 15 రోజుల్లోపు మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్తే, ఆ అభ్యంతరం తీరిన రోజు నుంచే గడువు లెక్క మొదలవుతుందని ఉంది. ఫోన్ అభ్యంతరం కిందికి రాదు. ఇది చదివే ప్రతి ఆఫీసు మనిషీ గుర్తు పెట్టుకోండి, బిల్లు రాగానే చూడండి, తేడా ఉంటే పదిహేను రోజుల్లోపు మెయిల్ వెళ్లాలి.

మీ మానేసిన ఇద్దరి బ్యాడ్జీల సంగతి. మీరు ఫోన్‌లో చెప్పారు, మెయిల్ లేదు. ఏప్రిల్-జూన్‌కు వాళ్లు తొమ్మిది పంపారు, మీరు తీసుకున్నారు. ఆ ఒక్క క్వార్టర్‌కు రెండు బ్యాడ్జీల చార్జీ, జీఎస్టీతో 495.60, న్యాయంగా ఇవ్వాల్సిందే. మిగిలిన మూడు క్వార్టర్లకు 1,486.80 క్రెడిట్ నోటు అడగండి. అంతకంటే ఎక్కువ అడగొద్దు, కేసు బలహీనమవుతుంది. ఇద్దరి పేర్లూ ఈ-లోరాలో (ఏఈఆర్‌బీ ఆన్‌లైన్ పోర్టల్) కూడా మీ సంస్థ నుంచి తీసేయండి.

రామగిరి_ఆఫీసు | జూలై 12, మధ్యాహ్నం 12:40

అన్నీ కలిపి ఒకే మెయిల్ పెట్టాను. నాలుగు పేరాలు, ఆరు ఫొటోలు. 495.60 కూడా పంపించాను. బ్యాడ్జీని ఉత్తరంతో విడిగా స్పీడ్ పోస్టు చేశాను. మా ఆర్‌ఎస్‌ఓ గారు ఉత్తరంలో రెండు వాక్యాలు తన చేత్తోనే రాశారు.

మిర్యాలగూడ_డయాగ్నస్టిక్ | జూలై 16, సాయంత్రం 5:20

ఏమైంది?

రామగిరి_ఆఫీసు | జూలై 17, రాత్రి 9:10

జూలై బ్యాడ్జీలు ఈ రోజు వచ్చాయి. ఏడు. ఈ లోపు డాక్టర్ గారు ముందే పెట్టుకున్న రెండు సీ-ఆర్మ్ కేసులు వాయిదా వేశారు, తొందర లేని ఆపరేషన్లే అవి. ఆయనే వేశారు, నేను అడగలేదు. గద్వాల మేడమ్ రాసింది ఆయనకు చదివి వినిపించాను.

ల్యాబ్ నుంచి ఇంకా జవాబు లేదు.

రామగిరి_ఆఫీసు | జూలై 29, రాత్రి 8:30

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. నిన్న ల్యాబ్ నుంచి ఒక మేడమ్ ఫోన్ చేశారు. రెండు బ్యాడ్జీలూ దొరికాయట. మా టెక్నీషియన్‌ది లేబుల్ ఊడి పక్కన పడి ఉందట, కంట్రోల్ బ్యాడ్జీ ఇంకో ఆసుపత్రి కట్టలో కలిసిందట. మొత్తం మూడింటి చార్జీ 3,186, రెండు బ్యాడ్జీల మూడు క్వార్టర్ల 1,486.80, రెండింటికీ కలిపి 4,672.80కి క్రెడిట్ నోటు ఈ రోజు మెయిల్‌లో వచ్చింది. లెడ్జర్ కూడా పంపారు, బాకీ సున్నా. ఆమె చాలా మర్యాదగా మాట్లాడారు. తూకం ఫొటోలు చూశాకే ట్రేలు మళ్లీ వెతికించామని చెప్పారు.

జనవరి-మార్చి రిపోర్టు కూడా వచ్చింది. కంట్రోల్ మా ఎక్స్‌రే గదిలో ఉండేదని ఆ మెయిల్‌లో నేనే ఒప్పుకుని రాశాను, ఆ విషయం కూడా వాళ్లు నమోదు చేసుకున్నారు. నర్సు బ్యాడ్జీ ఉత్తరం అందిందని, అందులో రాసిన కారణంతో సహా విడిగా చూస్తామని రాతలో ఇచ్చారు.

గద్వాల_టెక్నీషియన్ | జూలై 29, రాత్రి 9:00

మీరు కవర్లో పెట్టే లిస్టు ఎలా చేశారో చెప్తారా? మా దగ్గర అది లేదు.

రామగిరి_ఆఫీసు | జూలై 29, రాత్రి 9:35

ఒక కాగితం, మేడమ్. పేరు, పర్సనల్ నంబర్, బ్యాడ్జీ మీది నంబర్, ఏ క్వార్టర్, ఇచ్చిన తేదీ, తిరిగి తీసుకున్న తేదీ, వాళ్ల సంతకం. చివరి వరుసలో కంట్రోల్. బ్యాడ్జీలన్నీ ఆ కాగితం పక్కన వరుసగా పేర్చి, నంబర్లు కనబడేలా ఒక ఫొటో. అంటించాక కవర్ తూకం ఫొటో. కాగితం ఒక కాపీ లోపల, ఒకటి ఫైల్లో. ఎవరైనా మానేస్తే ఫైనల్ సెటిల్‌మెంట్ ఇచ్చే ముందు బ్యాడ్జీ నా చేతిలో పెట్టాలి, ఆ రోజే ల్యాబ్‌కు మెయిల్. పోయిన వారం ఏప్రిల్-జూన్‌వి అలాగే పంపాను, తొమ్మిదీ అందాయని మూడో రోజే మెయిల్ వచ్చింది.

ఆ నర్సు అమ్మాయి నంబర్ పట్టుకుని నిన్న ఫోన్ చేశాను. ఇప్పుడు కోదాడలో పనిచేస్తోంది. ఎప్రాన్ సంగతి, ఉత్తరం సంగతి మొత్తం చెప్పాను. బ్యాడ్జీ ఏమైందో అని తనకూ అనుమానంగానే ఉండేదట, అడగడానికి మొహమాటపడింది. కొత్త చోట పర్సనల్ నంబర్ అడిగితే తెలియక ఊరుకుందట. ఒక్కో అంకె చెప్పాను. "ఆగండన్నా, పెన్ను తెచ్చుకుంటా" అంది. రాసుకుని, మళ్లీ నాకు చదివి వినిపించింది.